కనబడకుండా ఉండే చోటు

దసరా సెలవుల్లో తాండూరు నుంచి మా అక్కవాళ్ళు, వికారాబాద్ నుంచి మేము, మొత్తం తొమ్మిదిమందిమి హైదరాబాద్ జూపార్కుకి వెళ్ళాం. ఇలాంటి ప్రయాణాలు మన ఇళ్ళల్లో ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. అక్క తెల్లారుజామున మూడింటికి లేచి జొన్నరొట్టెలు చేసింది. అత్తమ్మ పులిహోర కలిపింది. రైల్లో కాళ్ళు చాపుకుని "ఇయ్యాల అందరికీ రెస్టే" అన్నాడు బావ.

పులి ఉండేచోటుని కొత్తగా బాగుచేసినట్టున్నారు. గుబురు పొదలు, చిన్న మడుగు. చూసేవాళ్ళ వైపు ఇనుపచువ్వలు లేవు. అంతా బాగానే ఉంది కానీ పులే కనబడలేదు. అరగంట నిలబడితే పొద వెనక తోక కొస ఒక్కసారి కదిలింది. జనం ఈలలేశారు, చప్పట్లు కొట్టారు. ఎవరో టికెట్ పైసలు దండగ అన్నారు. అత్తమ్మకి మాత్రం కోపమొచ్చింది. "దాన్ని జర పండుకోనియ్యిండ్రి. ఎంతసేపని అందరికి మొకం సూపియ్యాలె?" అంది. పక్కనున్న అక్క నవ్వి, "నాకు గప్పుడు గిసొంటి పొద ఒక్కటి గూడ దొరకకపాయె" అంది. అక్కని పదకొండు సంబంధాలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. అందులో ఇద్దరు నడిచి చూపించమన్నారు.

బోను, పంజరం మన స్త్రీల సాహిత్యానికి బాగా అలవాటైన మాటలు. ఎన్ని కవితల్లో చదివామో లెక్కలేదు. అయితే ఆ పోలికలో మనమెప్పుడూ తలుపు గురించే అడిగాం. తెరిచి ఉందా, మూసి ఉందా, తాళం ఎవరి దగ్గరుంది అని. చూసే కళ్ళ గురించి అంతగా అడగలేదనిపిస్తుంది.

చువ్వలు తీసేసి కందకాలు తవ్వించిన జూని 1907లో హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ తెరిచాడు. 1963లో మొదలైన మన నెహ్రూ జూపార్కులోనూ పెద్ద జంతువులకి ఈ కందకాల పద్ధతే. కందకం వల్ల జంతువుకి కాస్త గాలీ, జాగా పెరిగిన మాట నిజం. కానీ తను ఎక్కడిదాకా పోగలదో దానికి తెలుసు. చువ్వలు కనబడకపోతే మనసు తేలికపడేది మనకే. ఈ హాగెన్‌బెక్కే 1870లలో ఉత్తర ఐరోపా సామీ ప్రజల్ని వాళ్ళ రెయిన్‌డీర్లతో సహా తీసుకొచ్చి టికెట్ పెట్టి చూపించాడు.

అంతకుముందే సారా బార్ట్‌మన్ ఉంది. దక్షిణాఫ్రికా ఖోయిఖోయి స్త్రీ. ఆమె శరీరాన్ని 1810లో లండన్‌లో డబ్బులు తీసుకుని ప్రదర్శించారు. బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్ళు కోర్టుకెళ్ళారు. ఆమె ఇష్టపడే ఉందా, బలవంతంగా ఉంచారా అని కోర్టు విచారించింది. ఇష్టపడే ఉన్నానని ఆమె చెప్పినట్టు నమోదు చేసుకుని కేసు కొట్టేసింది. తలుపు తీసే ఉంది కదా అన్నట్టు! అంతమంది చూపుల నుంచి తప్పుకునే చోటు ఆమెకి ఉందా అన్నది ఆ కోర్టుకి ప్రశ్నే కాలేదు. 1815లో పారిస్‌లో చనిపోయాక కూడా ఆమె అస్థిపంజరాన్ని, శరీరభాగాల్ని అక్కడి మ్యూజియంలో 1970ల దాకా ప్రదర్శనకి పెట్టారు. 2002లో గానీ ఆమెని సొంతగడ్డలో పూడ్చిపెట్టలేదు.

ఇదంతా చెబితే ఒక స్నేహితురాలు గట్టిగా అడ్డుతగిలింది. కనబడకుండా ఉండే హక్కంటే మళ్ళీ ఘోషాయే కదా, దాన్ని వదిలించుకోవడానికి మన అమ్మమ్మలు ఎంత పోరాడారని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఘోషాలో పరదా ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో ఆ స్త్రీ చేతిలో లేదు. వయసొచ్చిన పిల్లని గడప దాటనివ్వని ఇంటివాళ్ళే పెళ్ళిచూపులనాడు ముస్తాబు చేసి తీసుకొచ్చి చాపమీద కూర్చోబెడతారు. దాచే చేతులూ చూపించే చేతులూ ఒకటే. పులి పొద వెనక్కి పోయింది తనంతట తను. జూకి రావడం దాని ఇష్టం కాదు, ఆ పొద స్వేచ్ఛా కాదు. ఆ మధ్యాహ్నం మాత్రం దాని చేతిలో ఉన్నది అదొక్కటే.

చూపించకపోతే జంతువుల్ని కాపాడడమెలా అంటారు. మూషిక జింకల సంగతి చూడండి. కుందేలంత ఉండే ఈ బిడియపు జింకల్ని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అటవీశాఖవాళ్ళు కలిసి ఇదే జూపార్కులో పెంచారు. ఆ పెంపకమంతా సందర్శకుల కంటికి దూరంగానే జరిగింది. 2017 నుంచి వాటిని ఆమ్రాబాద్ అడవిలో వదులుతున్నారు. నాకు తెలిసినంతలో జూ అనేదానికి ఇంతకంటే మంచి సమర్థన లేదు. దానికి మన టికెట్ పైసలు కొంత ఉపయోగపడి ఉండొచ్చు, మన చూపులతో మాత్రం పని పడలేదు.

పిల్లలకి అడవి మీద ప్రేమెలా పుడుతుందని బావ అడిగాడు. మా అనంతగిరిలో నెమళ్ళు కనబడేదానికంటే వినబడేదే ఎక్కువ. అరుపు వినగానే పిల్లలు వాటంతటవే మాటలాపి చెవులు రిక్కిస్తారు.

"అయితే జూలే వద్దంటావా?" అంటుంది నా స్నేహితురాలు. అక్కడే పుట్టి పెరిగిన పులిని ఇప్పుడు ఏ అడవిలో వదులుతాం? ముందు పొదలు ఇంకా గుబురుగా పెంచాలి. జంతువు కనబడకపోవచ్చని గేటు దగ్గరే బోర్డు పెట్టాలి. టికెట్లు తగ్గుతాయంటుందామె. తగ్గనీ అంటాను నేను. మేత ఖర్చు ఎవరిస్తారని ఆమె ప్రశ్న. దాని దగ్గరే ఇంకా వాదించుకుంటున్నాం.