టికెట్టు తిరిగిచ్చేసిన ఇవాన్

పసిపిల్లలు పడే బాధకు దేవుడి లోకంలో చోటెందుకుంది? మతాలన్నిటికీ ఇది పాత ప్రశ్నే. అయినా 19వ శతాబ్దపు నవలల్లో దీన్ని ఫ్యోదర్ దోస్తోయెవ్‌స్కీ 'కరమజోవ్ సోదరులు' అడిగినంత సూటిగా మరొకటి అడగలేదు. 1879 జనవరి నుంచి 1880 నవంబరు దాకా ఈ నవల 'రూస్కీ వెస్త్నిక్' పత్రికలో ధారావాహికగా వచ్చింది. చివరి భాగం అచ్చయిన కొద్ది నెలలకే, 1881 ఆరంభంలో, రచయిత కన్నుమూశాడు. పన్నెండు పర్వాల ఈ పుస్తకం కాలేజీ సాహిత్య కోర్సులో చోటు చేసుకున్నప్పుడు, సమయం చాలక, ఐదో పర్వంలోని 'తిరుగుబాటు', 'మహా విచారణాధికారి' అనే రెండు అధ్యాయాల మీదే పాఠం ఆగిపోవడం మామూలు. తత్వశాస్త్ర సంకలనాల్లోనూ అవే విడిగా అచ్చవుతుంటాయి. వాటివరకే చదివితే ఇవాన్ వాదన చేతికొస్తుంది, నవల జారిపోతుంది.

ఆ సన్నివేశం ఊళ్లో ఒక పానశాలలో జరుగుతుంది. చిన్నప్పుడు విడిపోయి పెరిగిన అన్నదమ్ములు ఇవాన్, అల్యోషా మొదటిసారి మనసు విప్పి మాట్లాడుకుంటారు. తమ్ముడికి చెర్రీపండ్ల జామ్ ఇష్టమని ఇన్నేళ్ల తర్వాతా గుర్తుంచుకుని ఇవాన్ దాన్ని తెప్పిస్తాడు. ఇంత ప్రేమ ఉన్న చోటే ఆ భయంకరమైన మాటలు మొదలవుతాయి. పెద్దవాళ్ల బాధ సంగతి వదిలేస్తానంటాడు ఇవాన్. పెద్దలు పాపఫలం తిన్నవాళ్లే అనుకున్నా, పిల్లలు ఇంకా ఏమీ తినలేదు. ఐదేళ్ల కూతురిని చావగొట్టి, చలి రాత్రి మరుగుదొడ్లో బంధించిన తల్లిదండ్రుల కథ చెబుతాడు. ఆ చీకట్లో ఆ పిల్ల చిన్న పిడికిలితో గుండెలు బాదుకుంటూ దేవుణ్ణి పిలుస్తుంటుంది. తర్వాత ఇంకో కథ. ఎనిమిదేళ్ల బానిస కుర్రాడు రాయి విసిరి జనరల్‌ గారి వేటకుక్క కాలికి దెబ్బ తగిలిస్తాడు. జనరల్ వాణ్ణి కన్నతల్లి కళ్లముందే కుక్కల చేత చీల్పిస్తాడు. ఆ జనరల్‌ను కాల్చి చంపాలా అని ఇవాన్ అడిగితే, సన్యాసి వస్త్రాల్లో ఉన్న అల్యోషా నోట అవునన్న మాటే వస్తుంది.

ఇవాన్ దేవుడు లేడనడు. ఉన్నాడనే ఒప్పుకుని, ఆయన చేసిన లోకాన్ని ఒప్పుకోనంటాడు. చివరికి సర్వం సామరస్యంగా ముగుస్తుందని హామీ ఇచ్చినా, అందుకు ఒక పసిపిల్ల కన్నీరు వెలగా కట్టాల్సి వస్తే ఆ సామరస్యం తనకు అక్కర్లేదు. దుర్మార్గుణ్ణి నరకంలో కాల్చినా ఆ పిల్ల పడిన బాధ పోదు. తన కడుపుకోతను తల్లి క్షమించవచ్చు గాని, బిడ్డ పడిన నరకాన్ని బిడ్డ తరఫున క్షమించే హక్కు ఆమెకు లేదు. అందుకే ఆ లోకంలోకి తన ప్రవేశ టికెట్టును వినయంగా తిరిగిచ్చేస్తున్నానంటాడు.

ఈ కథలేవీ కల్పితం కావని దోస్తోయెవ్‌స్కీ 1879 మేలో పత్రిక సంపాదకుడికి రాశాడు. అన్నీ అచ్చులో వచ్చినవే. ఏడేళ్ల కూతుర్ని బెత్తాలతో కొట్టిన తండ్రిని కోర్టు విడిచిపెట్టిందని 1876లో తన 'రచయిత దినచర్య'లో ఆయన మండిపడి ఉన్నాడు. 1878 మేలో మూడేళ్లయినా నిండని సొంత కొడుకు అల్యోషా మూర్ఛవ్యాధితో చనిపోయాడు. ఆ మరుసటి నెలలో ఆప్తినా మఠానికి వెళ్లి అంవ్రోసీ అనే వృద్ధ సన్యాసిని కలిశాడు. నవల రెండో పర్వంలో మూడేళ్ల కొడుకు పోయిన ఒక తల్లి, వాడి మొలకట్టును గుండెకు హత్తుకుని జోసిమా అనే వృద్ధ సన్యాసి ముందు ఏడుస్తుంది. బిడ్డ దేవుడి దగ్గర ఉన్నాడని మొదట చెప్పిన జోసిమా, అది ఆమెను తాకదని గ్రహించి, ఓదార్పు అక్కర్లేదు, ఏడువమ్మా అంటాడు. మతం తరఫున మాట్లాడే పాత్ర తన జవాబును తానే వెనక్కి తీసుకోవడం ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సిన విషయం.

భారతీయ పాఠకుడికి ఈ చోట కర్మసిద్ధాంతం గుర్తుకు రాకమానదు. ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ అంటవా అన్న ప్రశ్నను బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం నేరుగానే ఎత్తుకుంటుంది. వాన అన్ని విత్తనాలకూ ఒకటే, మొలిచేది మాత్రం విత్తనాన్ని బట్టి అన్నది శంకరుల వివరణ. జీవుల పూర్వకర్మను బట్టే సుఖదుఃఖాలు, సంసారానికి మొదలు లేదు. తర్కంగా ఇది గట్టిది. కానీ మరుగుదొడ్లో ఏడుస్తున్న పిల్ల తనకు జ్ఞాపకమైనా లేని అప్పు తీరుస్తోందని చెబితే ఇవాన్ శాంతించడు. బాధకు కారణం దొరికినంత మాత్రాన అది న్యాయమైపోతుందా అన్నదే అతని ప్రశ్న. ఆ ప్రశ్న క్రైస్తవానికి ఎంత బరువో, వేదాంతానికీ అంతే బరువు.

ఇవాన్‌కు జవాబు ఆరో పర్వం 'రష్యన్ సన్యాసి'లో ఉంటుందని, అది సరిపోతుందో లేదోనని భయంగా ఉందని 1879 ఆగస్టులో తన మిత్రుడు పొబెదొనోస్త్సెవ్‌కు రాసిన ఉత్తరంలో దోస్తోయెవ్‌స్కీ అన్నాడు. పాయింటుకు పాయింటు ఖండన కాకుండా ఒక కళాచిత్రంగా రాస్తున్నానని కూడా చెప్పాడు. ఆ పర్వమంతా జోసిమా జీవితమూ బోధలూ. ప్రతి మనిషీ అందరి తప్పులకూ అందరి ముందూ బాధ్యుడే అన్నది వాటి సారం. లోకానికి తీర్పు చెప్పే చోట నిలబడ్డ మనిషిని అది అక్కణ్ణుంచి దించి, నీ చేతిలో ఉన్న పని ఏమిటని అడుగుతుంది. ఇవాన్ వాదనలో ఒక్క వాక్యం కూడా దీనివల్ల తప్పు కాదు.

నవలలో తర్వాత జరిగే తండ్రి హత్యలో తన మాటల పాత్ర తెలిసి ఇవాన్ మతి చలించడాన్ని అతని వాదనకు ఖండనగా చెప్పే పాఠాలున్నాయి. అది సరైన పాఠం కాదు. మనిషి కూలినంత మాత్రాన అతని తర్కం కూలదు. నవల చూపేది వేరే లోటు. దూరం నుంచైతే మనుషుల్ని ప్రేమించగలను గాని పక్కనున్నవాణ్ణి ప్రేమించడం తనవల్ల కాదని 'తిరుగుబాటు' మొదట్లోనే ఇవాన్ ఒప్పుకుంటాడు. అదే రోజు ఇల్యూషా అనే బడిపిల్లాడు అల్యోషా వేలు ఎముక దాకా కొరికాడు. పిల్లల బాధ గురించి అన్న మాటలు వింటున్న తమ్ముడి వేలికి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అంతకుముందే అతను ఆ పిల్లాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి వచ్చాడు. రెండు అధ్యాయాలే చదివిన విద్యార్థికి ఈ వేలు కనిపించదు.

సాహిత్య విమర్శకుడు మిఖాయిల్ బఖ్తిన్ 1929లో వెలువరించిన పుస్తకంలో, దోస్తోయెవ్‌స్కీ నవలల్లో పాత్రల గొంతులు రచయిత గొంతుకు లొంగకుండా దానితో సమానంగా పలుకుతాయని వివరించాడు. పరీక్షల్లో అలవాటైన 'రచయిత సందేశం ఏమిటి' అన్న ప్రశ్న అందుకే ఈ నవలకు అతకదు. ఎవరి మాటకు ఎవరి జీవితం ఎలా బదులిచ్చిందని అడిగితే విద్యార్థి పుస్తకమంతా తిరగేయాల్సి వస్తుంది.

అలా తిరగేసినవాళ్లకు ఆరో పర్వం జవాబు పదో పర్వంలో మళ్లీ పరీక్షకు వస్తుంది. జోసిమాకు ప్రాణప్రదమైన గ్రంథం బైబిల్లోని యోబు కథ. పిల్లల్ని పోగొట్టుకున్న యోబుకు దేవుడు మళ్లీ పిల్లల్నిస్తాడు. పాత దుఃఖం మెల్లగా నెమ్మదైన ఆనందంగా మారుతుందని జోసిమా నమ్మకం. పదో పర్వంలో మంచం పట్టిన ఇల్యూషా, తాను పోయాక ఇంకో మంచి పిల్లాణ్ణి తెచ్చుకుని తన పేరే పెట్టుకొమ్మని తండ్రి స్నెగిర్యోవ్‌కు చెబుతాడు. తనకు ఇంకో పిల్లాడు వద్దంటాడు ఆ తండ్రి. ఈ తాగుబోతు మాజీ కెప్టెన్‌కు ఇవాన్ చదువు లేదు, వాదన అంతకన్నా లేదు. కానీ యోబు కథలో సరిపెట్టిన లెక్కను అతను ఒప్పుకోలేదు, ఆ తిరస్కారాన్ని దోస్తోయెవ్‌స్కీ ఎవరిచేతా ఖండింపజేయలేదు.