అర్థం తెలియకుండా చదివితే ఫలం ఉందా?

పంచాక్షరి, అష్టాక్షరి, ద్వాదశాక్షరి. అర్థాన్నిబట్టి కాదు, అక్షరాల లెక్కనుబట్టి వచ్చిన పేర్లివి. గాయత్రి అన్నదీ ఛందస్సు పేరే: ఎనిమిదేసి అక్షరాల పాదాలు మూడు, మొత్తం 24. చిన్నప్పటినుంచీ వింటున్న ఈ పేర్లను మనవడి నోటుపుస్తకం చూశాక మళ్లీ కొత్తగా విన్నాను.

వాడికి స్క్రాబుల్ పిచ్చి. అమ్మమ్మ బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది కదా, మెచ్చుకుంటుందని పుస్తకం తెచ్చాడు. పేజీ పైన ఏడు అక్షరాలు, వాటి కింద వాటితో కుదిరే మాటలు. ఒక పేజీలో ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ. కింద రెటైన్స్, నాస్టియర్, రెటినాస్, స్టీరిన్, రెట్సినా, ఇంకా కొన్ని.

"రెట్సినా అంటే ఏమిట్రా?"

"తెలీదు అమ్మమ్మా. ఏడూ ఒకేసారి వేస్తే 50 బోనస్."

పైన్ చెట్టు బంక వాసన వేసే గ్రీకు ద్రాక్షసారా అనీ, స్టీరిన్ అంటే కొవ్వొత్తుల్లో వాడే కొవ్వు పదార్థం అనీ చెప్పాను. మర్యాదకి విని పేజీ తిప్పేశాడు. ఆ ఆటకి ప్రామాణికమైన కాలిన్స్ జాబితాలో సుమారు 2,80,000 మాటలున్నాయట. అర్థాలు కూడా మొదలుపెడితే తెమలదన్నాడు. వాడి ఆరాధ్యదైవం న్యూజిలాండ్ వాడు నైజెల్ రిచర్డ్స్. ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు, 2024లో స్పానిష్‌దీ గెలిచాడు. మాటల జాబితాలు కంఠతా పట్టాడంతే. బతుకంతా పిల్లల చేత అర్థాలు రాయించినదాన్ని, ఒళ్లు మండింది.

ఈ మంట కొత్తదేం కాదు. క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందే యాస్కుడి నిరుక్తంలో దీని మీద పెద్ద తగువు జరిగింది. కౌత్సుడనే ఆయన మంత్రాలకు అర్థమే లేదన్నాడు. నాస్తికుడేమో అనుకోకండి. ఆయన తేల్చింది మంత్రం దండగని కాదు, అర్థం వెతికే శాస్త్రం దండగని. ఆయన కారణాలు గట్టివే. మంత్రంలో అగ్ని అన్నచోట వహ్ని అనడానికి వీల్లేదు, ముందుమాట వెనక్కి జరపడానికి వీల్లేదు. గొడ్డలి ఎత్తి కొడుతూ, ఓ గొడ్డలీ హింసించకు అంటారు. ఒకచోట రుద్రుడొక్కడే అంటారు, ఇంకోచోట వేలమంది అంటారు. అమ్యక్, కాణుకా లాంటి మాటలైతే ఏమిటో తెలియనే తెలియవు.

యాస్కుడు ఒక్కొక్కటికీ జవాబిచ్చాడు. లోకంలోనూ కొన్ని మాటల వరస మారదు కదా అన్నాడు. గుడ్డివాడికి మోడు కనపడకపోతే తప్పు మోడుది కాదన్నాడు. మరి కాస్త ముందుకెళ్లి, వేదం చదివి అర్థమెరగనివాడు బరువు మోసే మోడు అన్న మాటనూ ఎత్తి చూపాడు. రెండుచోట్లా అదే మాట, స్థాణువు. మొదటి మోడు వేదం, రెండో మోడు వేదం చదివినవాడు. మొదటిదానిపట్ల ఉన్న మర్యాద రెండోదానికి దక్కలేదేమని నాకు కొంచెం కష్టంగా ఉంటుంది.

ఎందుకంటే ఆ రెండో మోడు మా నాన్నగారు. కోనసీమలో ఘనాంతం చదివినవారు. ఆడపిల్లనని నాకు చెప్పలేదు, అది వేరే తగువు. అరుగు మీద కూచుని వినేదాన్ని. ఘనలో మొదటి పదం, రెండో పదం, రెండు, ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి, మళ్లీ ఒకటి, రెండు, మూడు. తర్వాత రెండో పదం నుంచి ఇదే వరస. అలా తిరగేసి చదివితే వాక్యమే మిగలదు. "అర్థమేమిటి నాన్నగారూ?" అంటే, "భాష్యం చదివినవాళ్లనడుగమ్మా" అనేవారు. సిగ్గుపడేవారు కాదు.

ఇక్కడే కౌత్సుడి మొదటి కారణం నాకు తిరగబడి కనిపిస్తుంది. మాట మార్చకూడదు కాబట్టి అర్థం లేదన్నాడాయన. మాట మార్చలేదు కాబట్టే అర్థం వెతకడానికి యాస్కుడికి ఏదో ఒకటి మిగిలిందంటాను నేను. అర్థం తెలిసినవాడి నాలుక అంత నమ్మదగింది కాదు. అగ్ని గుర్తురాకపోతే వహ్నితో సర్దేస్తుంది. తెలియనివాడికి ఆ సౌకర్యం లేదు. కాణుకా అంటే ఏమిటో యాస్కుడే ఒక్కటని తేల్చకుండా నాలుగైదు రకాలుగా విప్పి చూపాడు. అర్థం జారిపోయినా అక్షరం మాత్రం చెక్కుచెదరలేదు. పధ్నాలుగో శతాబ్దంలో విజయనగరంలో సాయణుడు భాష్యం రాయగలిగాడన్నా, 2003లో యునెస్కో మన వేదపఠనాన్ని మానవజాతి సంపదగా ప్రకటించిందన్నా, వెనకాల ఉన్నది ఈ మోడులే.

నైజెల్ రిచర్డ్స్ మర్చిపోతే ఫ్రెంచి భాషకి వచ్చే నష్టం లేదు, నిఘంటువు బల్ల మీదే ఉంటుంది. మా నాన్నగారి గురువుల గురువులు మర్చిపోతే ఇంకో ప్రతి లేదు. నా మనవడికీ వాళ్లకీ తేడా అదొక్కటే, కానీ అది చిన్నది కాదు.

అర్థం తెలియకుండా చదివినదానికి ఫలం ఉందని నా నమ్మకం. కాకపోతే అది చదివినవాడి ఖాతాలో పడదు, తర్వాత వచ్చి అడిగేవాడికి ముడుతుంది. శుక్రవారం మా వీధి ఆడవాళ్లు లలితా సహస్రనామం చదువుతుంటే అర్థం తెలుసా అని వెక్కిరించే కొడుకులూ అల్లుళ్లూ ఉన్నారు. అంత పట్టింపు ఉంటే తాత్పర్యం పుస్తకం కొనితెచ్చి పక్కన కూచోండి. పిల్లలకు మంత్రం నేర్పే పెద్దలకూ ఒక మాట: ముందు అక్షరం పట్టించండి, ఒప్పుకుంటాను. వాడు అర్థమడిగిన రోజున మాత్రం కసరకండి. మీకు తెలియకపోతే, తెలిసినవాళ్ల దగ్గరికి పంపండి.