నేను చూడని రుచి

పోయిన ఫిబ్రవరిలో నలుగురు స్నేహితులం కలిసి నాసిక్ దగ్గర ఒక చిన్న ద్రాక్షతోటకి వెళ్ళాం. పెద్ద కంపెనీ కాదు, ఒక కుటుంబం నడుపుకుంటున్న తోట. తండ్రి పొలం చూసుకుంటాడు, కూతురు వచ్చినవాళ్ళకి వైన్ రుచి చూపిస్తుంది. ఐదు గ్లాసుల్లో రెండేసి గుక్కలు. నాలుగోది షిరాజ్. గ్లాసు ఎలా తిప్పాలో చూపించి, "ఏం తెలుస్తోంది?" అని అడిగిందా అమ్మాయి. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని "మిరియాలు" అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. స్నేహితులు నావైపు కొంచెం గౌరవంగా చూశారు.

నిజానికి నాకు మిరియాలేవీ తెలియలేదు. ముందున్న కార్డులో రాసుంటే చదివాను, అంతే.

దీన్ని అబద్ధం అనాలా? ఎవరికీ నష్టం లేదు, పైగా ఆ అమ్మాయి సంతోషించింది. అయినా తిరిగొచ్చాక కూడా అది నన్ను వదల్లేదు.

సర్దిచెప్పుకోవడానికి దారులున్నాయి. 2001లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఫ్రెడెరిక్ బ్రోషే బృందం బోర్డోలో వైన్ విద్య చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చింది. వాళ్ళు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. చదువుకున్నవాళ్ళ పరిస్థితే ఇలా ఉంటే నాదెంత? కానీ ఈ వాదన నిలబడదు. వాళ్ళు మోసపోయారు. నేను మోసం చేశాను.

రుచి అంటేనే ఎవరికి వారిదీ, అందులో నిజం, అబద్ధం ఏముంటాయి అనే దారి ఇంకోటి. దీనికి డేవిడ్ హ్యూమ్ 1757లోనే జవాబు రాశాడు. రుచి ప్రమాణాల మీద రాసిన వ్యాసంలో డాన్ కిహోటే నవల నుంచి ఒక కథ తీసుకున్నాడు. సాంకో పాంజా బంధువులిద్దరు ఒక పీపాలోని వైన్ రుచి చూస్తారు. బాగుంది కానీ కొంచెం తోలు రుచి ఉందంటాడు ఒకడు. కాదు, ఇనుము రుచి అంటాడు రెండోవాడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ చేస్తే అడుగున తోలుపట్టీ కట్టిన తాళంచెవి దొరుకుతుంది. అంటే నాలుక చెప్పే మాట వెనక కూడా ఏదో ఒక వస్తువు ఉండొచ్చు.

నా మిరియాలకీ తాళంచెవి ఉంది. షిరాజ్‌లో ఆ ఘాటు వాసనకి కారణం రొటండోన్ అనే పదార్థమని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. మిరియాల్లో ఉన్నదీ అదే. అంటే నేను అన్నమాట నిజమే. కానీ చూడని నేరాన్ని చూశానని కోర్టులో చెప్పిన సాక్షి లాంటివాణ్ణి నేను. ముద్దాయి నిజంగానే దోషి కావచ్చు, అయినా అది దొంగసాక్ష్యమే.

నేనుండేది తుర్కయంజాల్‌లో. సాగర్ రోడ్డు మీద ఇంజాపూర్ దాటాక వస్తుంది. మా అపార్ట్‌మెంట్ కట్టిన జాగా ఒకప్పుడు ద్రాక్షతోట. వెనక గోడ దగ్గర పందిరి మోసిన రాతి కడీలు రెండు ఇంకా ఉన్నాయి. తోట యజమాని ఇప్పుడు మా ఇంటి ఓనరు, డెబ్బై దాటిన మనిషి. ఆయన పండించింది అనాబ్-ఇ-షాహి. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాదుకి తెచ్చాడని చెప్పే, గింజలున్న పెద్ద తెల్లద్రాక్ష.

నాసిక్ అమ్మాయి అడిగిన ప్రశ్నే ఒకరోజు ఆయన్ని అడిగాను. "రుచి ఎలా ఉండేది అంకుల్?"

"ఎట్లుంటదేంది బిడ్డా? తియ్యగుంటది."

కాసేపాగి ఆయనే అన్నాడు: "పడమటి కొస పండు జర పుల్లగుండేది. ఆడికి నీళ్ళు సక్కగ పారకపోయేది. కండ్లు మూసుకొని నోట్లేసుకున్నా ఏ కొసదో చెప్తుంటి. బేరగాడొస్తే ఆ బుట్టలు పక్కకు పెట్టి, ఇవి పులుపని చెప్పే అమ్మేటోణ్ణి."

తోట తీసేసినందుకు బాధ లేదా అంటే, బోర్లు ఎండడం, బూజు తెగులు, కూలీలు దొరక్కపోవడం, పిల్లల చదువులు వరసగా చెప్పి, "తోటుంటే నువ్వెక్కడుంటుంటివి?" అని నవ్వాడు.

ఆయన మాట పరీక్షించడానికి ఇప్పుడు పీపానే లేదు. పడమటి కొస మా పార్కింగ్ కింద ఉంది. అయినా నమ్మాను. తన సరుకులో పులుపుని తనే బయటపెట్టిన నాలుక కాబట్టి. ఆయన దగ్గరున్నవి రెండు మాటలే, తీపి, పులుపు. కానీ రెండూ ఆయన సొంతం. నా దగ్గర కార్డు నిండా మాటలున్నాయి.

ఇది వైన్‌తో ఆగితే ఇంత రాసేవాణ్ణి కాదు. నేను పుస్తకాల మీద కూడా రాస్తుంటాను. కవిత్వం రుచిని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని పండ్లతో కొలిచిన సంప్రదాయం మనది. "ఈ కథలో మట్టి వాసన ఉంది" అని నేనూ రాశాను, ఒకటి కాదు, చాలాసార్లు. ఆ వాసన నాకు నిజంగా అందిందా, లేక వెనక అట్ట మీద చదివానా? కొన్నిసార్లు అందింది. కొన్నిసార్లు లేదు.

అరువు మాటలు లేకుండా ఎవరూ రుచి నేర్చుకోలేరు, అది ఒప్పుకోవాలి. పిల్లలు "కారం" అనే మాట పెద్దవాళ్ళ దగ్గరే నేర్చుకుంటారు. ఎవరో మిరియాలు అంటేనే మనం వెతకడం మొదలుపెడతాం. అరువు తెచ్చుకోవడం తప్పు కాదు, తెచ్చుకున్నదాన్ని సొంత ఆస్తిగా చూపించడం తప్పు. ఆ రోజు నేను అనాల్సింది చిన్న వాక్యం: "కార్డులో మిరియాలని ఉంది, నాకైతే ఇంకా తెలియట్లేదు." ఆ అమ్మాయి బహుశా ఇంకో గుక్క పోసి, దగ్గరుండి చూపించేది. గౌరవం కోసం నేను వదులుకున్నది ఆ గుక్క.

అక్కడ కొన్న సీసా మొన్న తెరిచాను. వంటింట్లోంచి నాలుగు మిరియాలు తెచ్చి నలిపి, అదోసారి, ఇదోసారి వాసన చూశాను. ఆ పరిశోధనలో దాదాపు ఐదుగురిలో ఒకరికి రొటండోన్ వాసన అసలు తెలియలేదట. నేను ఆ ఒకణ్ణేమో, లేక ఇంకా నేర్చుకోలేదేమో. ప్రస్తుతానికి నాకు తెలుస్తున్నది పులుపు, కొంచెం వగరు. అంతవరకే చెప్పగలను.