పాతయింటి సొత్తు, దాని లెక్క

గొప్పయింట నొక నగ కనఁబడనిచో మొదట ననుమానింపఁబడువాఁడు పనివాఁడు. బంధువుల పెట్టెలు తెఱవరు. ఊడ్చినదాని కొంగు విప్పింతురు. దీనికి మూలము పేదలయందలి యపనమ్మకము మాత్రమే కాదు. ఆ యింట నేమి యున్నదో, కడపట నెవరిచేత నుండెనో వ్రాసిపెట్టినవారు లేకపోవుటయు నని మా యభిప్రాయము.

ఆదవాని ప్రత్తివర్తకుఁడు బేలునకు తూకము, చీటి, చిట్టా లేక కదలనీయఁడు. ఆతని యింటనే తాతలనాఁటి కాసులపేరునకు చీటి యుండదు. అడిగినచో "ఇంటివారిని నమ్మవలదా?" యనును. బజారులో లెక్క మర్యాదయైనప్పుడు ఇంట నవమానమెట్లగునో మాకు బోధపడదు.

ఆదవాని 1800 వఱకు నిజాముల దేశములోనిదే కావున హైదరాబాదు నుదాహరించుట దూరము కాదు. మూఁడవ సాలార్‌జంగు మీర్ యూసఫ్ అలీఖాన్ 1949లో అవివాహితుఁడుగా మరణించెను. దివాన్ దేవిడి నిండ విగ్రహములు, పింగాణి, గడియారములు మిగిలెను. 1951లో ఆ దేవిడియే ప్రదర్శనశాల యయ్యెను. 1968లో వస్తువులు మూసీయొడ్డునఁగల క్రొత్తభవనమునకుఁ జేరెను. ఒక్కఁడు జ్ఞాపకముతో నేలిన సొత్తు ఎల్లరిదైనప్పుడు దానిని పట్టికయే యేలవలెను.

అచ్చట కలకత్తా కుక్ అండ్ కెల్వీ వారి గడియారములోనుండి గడ్డపుబొమ్మ వెలువడి గంటకొట్టుటను జూడ జనము మూఁగుదురు. పట్టిక వ్రాయువానికి వేఱు చూపు కావలెను. "గడియారము, ఒకటి" యని వ్రాసిన వ్రాయనట్లే. ముఖపలకపై పేరు, లోపలి యిత్తడిరేకుపై సంఖ్య, ఎన్నఁడో బాగుచేసినవాఁడు గీసిన గుర్తు, అన్నియు నెక్కవలెను. ఏలయన పెట్టె నట్లేయుంచి యంత్రమును మార్చుట కష్టము కాదు. దేహము గోడ నుండఁగనే ప్రాణము బజారున కేఁగును. నగలకు తూకమొక్కటి చాలదు. కుందనపుపనిలో లోపల లక్క యుండును గనుక బరువు బంగారమును చెప్పదు. రాళ్ల యెంచిక, రంగు, రాలిన రాతిచోటు, ఛాయాచిత్రము కావలెను.

2018 సెప్టెంబరులో పురానీహవేలీ నిజాము ప్రదర్శనశాలనుండి రత్నములు పొదిగిన బంగారు భోజనపాత్రయు, కప్పు, సాసరు, చెంచాయు దొంగిలింపఁబడెను, కొలఁదిదినములలోనే చిక్కెను. రూపము తెలిసిన సొత్తును వెదకవచ్చును. తెలియనిదానికి మిగులునది యనుమానమే. అది యెవరి గుడిసె కేఁగునో చెప్పనక్కఱలేదు.

అవ్వ చెప్పిన కథ పోయి అంకె మిగులునని కొందఱు వగతురు. కథను గూడ వ్రాయుఁడు, కాగితము కఱవా? మా శంక వేఱు. యజమానుఁడొక్కఁడే వ్రాసి తనయొద్దనే దాఁచుకొన్న పట్టిక పనివానిపై మఱియొక సంకెల కావచ్చును. పండుగకు నగ వెలికిఁ దీసిననాఁడును, గడియారము బాగుచేయఁ బంపిననాఁడును, ఇచ్చినవారు, పుచ్చుకొన్నవారు ఇరువురును వ్రాలు చేయవలెను. చదువురానివానికి ఆ పంక్తి బిగ్గరగాఁ జదివి వినిపించి, పిమ్మటనే తాళపుచెవి చేతికీయవలెను.