ఆ దూరదేశం పేరేమిటి?

వాక్యభాగం: యెహోషువ 9వ అధ్యాయం, అపొస్తలుల కార్యములు 5:1–11



కువైట్‌లో మన తెలుగు సహవాసాల్లో శుక్రవారం ఆరాధన ముగిశాక పాస్టరుగార్లకు, పెద్దలకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న వాక్యం గురించినది కాదు. ఫోను ముందుకు చాపి, "అయ్యగారూ, ఇది నిజమేనంటారా?" అని అడుగుతారు. ఆ ఫోనులో ఒక వీసా కాగితం ఉంటుంది. లేదా ఫేస్‌బుక్‌లో కనబడిన ఉద్యోగ ప్రకటన, లేదా అనాథ పిల్లల ఫొటో పెట్టి కానుక అడిగిన సందేశం. రాజంపేట నుంచో రాజోలు నుంచో తమ్ముడు, మరిది, చెల్లెలి కొడుకు పంపించి ఉంటారు. అప్పటికే సగం డబ్బు కట్టేసి ఉంటే అడిగే గొంతు వేరుగా ఉంటుంది. వినగానే తెలిసిపోతుంది.

ఈ ప్రశ్నకు యెహోషువ 9వ అధ్యాయంలో దొరికినంత వివరమైన జవాబు బైబిల్లో మరెక్కడా లేదని నా అభిప్రాయం.

యెరికో, హాయి పట్టణాలు కూలిపోయిన సంగతి గిబియోను నివాసులు విన్నారు. మిగతా రాజులు యుద్ధానికి కూడుకుంటే, వీరు వేషం సిద్ధం చేసుకున్నారు. గాడిదల మీద పాత గోనెలు, చినిగి కుట్లు పడిన ద్రాక్షారసపు సిద్దెలు, మాసికలు వేసిన చెప్పులు, పాత బట్టలు, ఎండి బూజు పట్టిన రొట్టెలు. అలా గిల్గాలులోని పాళెమునకు వచ్చి, దూరదేశం నుంచి వచ్చామన్నారు.

ఇక్కడ కొంచెం ఆగి చూడండి. రొట్టె నిజంగానే బూజు పట్టింది. చెప్పులు నిజంగానే అరిగిపోయాయి. ఎవరు పట్టి చూసినా అవి పాతవే. అబద్ధం ఆ వస్తువుల్లో లేదు, వాటిని ఒకచోట కూర్చి చెప్పిన కథలో ఉంది. ఈనాటి మోసపు ప్రకటన కూడా ఇలాగే తయారవుతుంది. అందులో కంపెనీ లోగో నిజం, భవనం ఫొటో నిజం, పక్కన నవ్వుతూ నిలబడిన మనిషి కూడా నిజమే కావచ్చు. ఆ మనిషికి మాత్రం తన ఫొటో అక్కడ ఉన్నట్లు తెలియదు.

ఇశ్రాయేలీయులు ఏమీ అమాయకులు కారు. మీరు మా మధ్యనే నివసిస్తున్నారేమో అని 7వ వచనంలో సూటిగానే అనుమానించారు. దానికి వచ్చినవాళ్లు అవునని గానీ కాదని గానీ చెప్పలేదు, మేము నీ దాసులమని యెహోషువతో అన్నారు. మీరెవరు, ఎక్కడి నుంచి వచ్చారు అని యెహోషువ మళ్లీ అడిగాడు. చాలా దూరం నుంచి అన్నారు. అధ్యాయమంతా వెదకండి, ఆ దేశం పేరు ఎక్కడా ఉండదు! పేరేమిటని రెట్టించి అడిగినవాడూ కనబడడు. మంచి ప్రశ్న వేసి, జవాబు రాకుండానే వదిలేయడం అంటే ఇదే.

ఇంకొక సంగతి. తాము వచ్చింది దేవుడైన యెహోవా నామమును బట్టి అని చెప్పారు. ఐగుప్తులో జరిగిన కార్యాలు, సీహోను, ఓగు రాజుల సంగతి విన్నామన్నారు. అవన్నీ పాత వార్తలు. యెరికో, హాయి ఊసు మాత్రం ఎత్తలేదు, ఎందుకంటే అంత తాజా వార్త దూరదేశానికి అప్పుడే చేరకూడదు కదా. ఎంత ఆలోచించి అల్లారో చూడండి. మోసగాడు తెలివితక్కువవాడు అనుకునేవారు ఈ రెండు వచనాలు (9, 10) తీరిగ్గా చదవాలి. నేడు మన పాస్టర్ల ఫొటోతో కొత్త ఖాతా తెరిచి, "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్, అత్యవసరం" అని డబ్బు అడిగేవాడు కూడా మన భాష నేర్చుకునే వస్తాడు. దేవుని నామం పలికినంత మాత్రాన పలికినవాడు ఎవరో తేలిపోదు.

ఇశ్రాయేలీయులు ఆ రొట్టెలు తీసుకున్నారు గానీ దేవుని దగ్గర విచారణ చేయలేదని 14వ వచనం చెబుతోంది. ఈ వచనం మీద మనం తరచుగా వినే ప్రసంగం "ప్రార్థించకపోవడమే తప్పు" అని ముగుస్తుంది. నిజమే. కానీ దాన్ని పట్టుకుని, వీసా కాగితం చూపించిన తమ్ముడితో "ప్రార్థన చేసుకుని వెళ్లు నాయనా" అని పంపించేస్తే మనం సగం బోధే చేసినట్లు. దేవుని దగ్గర విచారించడమంటే ఆగడం కూడా. మూడు దినాలు గడిచేసరికి వారు పొరుగువారేనని ఇశ్రాయేలీయులకు తెలిసిపోయింది. మూడు రోజులు ఆగితే చాలు. మోసగాడు ఇవ్వనిది ఆ మూడు రోజులే. "ఈ సాయంత్రంలోగా కట్టకపోతే సీటు పోతుంది" అనేది అందుకే.

(యెరూషలేముకు వాయవ్యంగా ఉన్న ఎల్ జీబ్ అనే గ్రామంలో 1956 నుంచి జేమ్స్ ప్రిచర్డ్ అనే పండితుడు తవ్వకాలు జరిపించాడు. అక్కడ దొరికిన కూజాల పిడుల మీద గిబియోను అని పేరు చెక్కి ఉంది. యెహోషువ కాలం తర్వాతవే అనుకోండి. ఒకనాడు పేరు దాచిన ఊరిని చివరికి దాని పేరే పట్టించిందని చదివినప్పుడు నవ్వు వచ్చింది.)

కాబట్టి పేరు అడగండి. భారతదేశంలో గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందో లేదో ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. అతడు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర అడిగినవాడు ఎంత భక్తిగా మాట్లాడినా ఆ లెక్క మారదు. విజిట్ వీసా మీద పనికి రమ్మంటే అక్కడే ఆగిపోండి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి 30 ఏళ్లు నిండకుండా ఇంటి పనికి వలస అనుమతి రాదు. "నేను చూసుకుంటా" అనే ఏజెంటు ఆ చెల్లెల్ని దొంగదారిన పంపుతున్నాడన్నమాట. ఇక మనం ఇక్కడే ఉన్నాం. ఫర్వానియాలో ఆఫీసు ఉందంటే బస్సెక్కి వెళ్లి తలుపు తట్టి రావచ్చు. దానికి ఒక శుక్రవారం మధ్యాహ్నం చాలు.

ఇది గల్ఫ్‌తో ఆగే సంగతి కూడా కాదు. థాయిలాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని ఆన్‌లైన్‌లో చూసి వెళ్లిన పిల్లలను సరిహద్దు దాటించి, మయన్మార్‌లో నిర్బంధించి, నకిలీ ఖాతాలు ఇచ్చి ఇతరులను మోసం చేయించారు. 2025 మార్చిలో మన వైమానిక దళ విమానాలు రెండు విడతల్లో 500 మందికి పైగా భారతీయులను థాయిలాండ్‌లోని మే సోట్ నుంచి తీసుకొచ్చాయి. వారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు. మోసపోయినవాడి చేతనే మరొకడిని మోసం చేయించడం కంటే క్రూరమైన పని ఏముంటుంది?

సంఘం వాట్సాప్ గ్రూపుల సంగతి కూడా చెప్పాలి. ఆఫ్ఘనిస్తాన్‌లో 22 మంది మిషనరీలను రేపు చంపబోతున్నారు, వెంటనే ప్రార్థించి పదిమందికి పంపండి అనే సందేశం మీకు ఎన్నిసార్లు వచ్చింది? 2007 జూలైలో దక్షిణ కొరియా సంఘానికి చెందిన 23 మందిని తాలిబన్లు నిజంగానే ఎత్తుకుపోయారు. ఇద్దరిని చంపారు. మిగిలిన 21 మంది ఆగస్టు చివరికల్లా విడుదలయ్యారు. ఆ తర్వాత ఇన్నేళ్లుగా ఆ "రేపు" తిరుగుతూనే ఉంది. ప్రార్థనే కదా, నష్టమేమిటి అంటారు. నిజంగా చెరలో ఉన్న సహోదరుని కోసం ప్రార్థించమని రేపొక వార్త వస్తే, "ఇలాంటివి చాలా చూశాం" అని పక్కన పెట్టేస్తామే, అదీ నష్టం. బెరయవారు పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలతో సరిచూసుకున్నారు. లూకా వారిని మెచ్చుకున్నాడు, అల్పవిశ్వాసులని రాయలేదు.

ఇంతవరకు ఎదుటివారి వేషం గురించి మాట్లాడుకున్నాం. మన ఫోనులో ఉన్న మన ఫొటోల సంగతి ఏమిటి?

గిబియోనువారు ఉన్నదానికంటే దీనంగా కనబడ్డారు. మనం ఉన్నదానికంటే గొప్పగా కనబడతాం. కువైట్ టవర్స్ ముందు, మాల్‌లో, యజమాని కారు పక్కన నిలబడి తీసుకున్న ఫొటోలు ఊళ్లో చూస్తారు. నేను ఆ ఫొటోలను తప్పు పట్టను. వారమంతా ఇంటి పనిలో నలిగిన అక్క, ఒక శుక్రవారం మంచి చీర కట్టుకుని ఫొటో దిగితే అది అబద్ధం కాదు. అమ్మ బెంగపెట్టుకుంటుందని కాలిన చేతిని కెమెరాకు చూపించకపోవడం ప్రేమే.

మరి గీత ఎక్కడుంది? అననీయ, సప్పీరాల కథలో ఉంది. పొలం వారిదే. అమ్మిన డబ్బు కూడా వారి వశంలోనే ఉందని పేతురే ఒప్పుకున్నాడు. కొంత ఉంచుకోవడం నేరం కాదు. ఆ కొంతను తెచ్చి, ఇదే మొత్తమని అపొస్తలుల పాదాల దగ్గర పెట్టారు. ధర ఇంతేనా అని పేతురు సప్పీరాను నేరుగా అడిగాడు. నిజం చెప్పడానికి ఆమెకు తలుపు తెరిచే ఉంది. అంతేనని చెప్పింది.

ఊరి నుంచి తమ్ముడు "అన్నా, అక్కడ ఎంత వస్తుంది?" అని అడిగినప్పుడు మన దగ్గరకు వచ్చేది అదే ప్రశ్న. అప్పుడు ఫొటో సరిపోదు. జీతం ఎన్ని దినార్లు, గదికీ తిండికీ ఎంత పోతుంది, వీసాకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఎన్నేళ్లకు తీరింది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, అన్నీ చెప్పాలి. చెబితే పరువు పోతుందని మౌనంగా ఉంటే, ఆ మౌనాన్ని ఏజెంటు వాడుకుంటాడు. "మీ ఊరివాడే, చూడు ఎలా ఉన్నాడో" అని మన ఫొటోనే తీసి చూపిస్తాడు. ఆ తమ్ముడు భార్య పుస్తెల తాడు కుదువపెడతాడు.

ఇంకొక మాట, కష్టంగా ఉన్నా చెప్పకతప్పదు. మన సహవాసాల్లోనే వీసాకు ఇంతని కమీషన్ తీసుకునేవారు ఉన్నారు. ఈ దేశంలో వీసాలు అమ్మడం నేరం. ఆ డబ్బులో దశమభాగం కానుకపెట్టెలో వేస్తే అది పరిశుద్ధమైపోదు.

మోసపోయినవారు సిగ్గుతో దాచుకోకండి. గిబియోను సంగతి బయటపడ్డాక సమాజమంతా ప్రధానుల మీద సణిగింది. ప్రధానులు ఆ మాటలు పడ్డారు, కానీ ఏమీ జరగనట్లు నటించలేదు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఇండియాలో ఉన్న కుటుంబసభ్యులు వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సంఘ పెద్దలకు చెప్పండి. పెద్దలారా, చెప్పినవారిని అందరి ముందు మందలించకండి.

మోసం చేసినవారి సంగతి కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ఇశ్రాయేలీయులు తాము చేసిన ప్రమాణాన్ని తప్పలేదు. అయిదుగురు రాజులు గిబియోను మీదికి వచ్చినప్పుడు, తనకు అబద్ధమాడిన ఆ ఊరి కోసమే యెహోషువ గిల్గాలు నుంచి రాత్రంతా నడిచి వెళ్లాడు. సూర్యుడు నిలిచినది ఆ యుద్ధంలోనే. గిబియోనువారు దేవుని బలిపీఠానికి కట్టెలు కొట్టి, నీళ్లు మోస్తూ దేవుని ప్రజల మధ్య ఉండిపోయారు. కొన్ని వందల ఏళ్ల తర్వాత నెహెమ్యా యెరూషలేము ప్రాకారం కట్టించినప్పుడు పనిచేసినవారి జాబితా రాశాడు. మూడో అధ్యాయం 7వ వచనంలో మెలట్యా అనే ఒకరి పేరుంది. ఏ ఊరివాడో కూడా దాచకుండా రాశారు, గిబియోనీయుడని.