కాదనే నోరు



ఈ వారం నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవలసి ఉంది. ఇది 2018 మే నెల నాటి మాట. అప్పుడు నేనున్న విచారణలో ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక ప్రకటనలు చదువుతున్నాను. పెండ్లి చాటింపులు చదివాను. ఉపదేశిగారి ఇంటి పైకప్పుకు చందా సంగతి గుర్తుచేశాను. ఆఖరున, పరిచయస్తుడైన ఒక పెద్దమనిషి నా ఫోనుకు పంపిన సందేశం కూడా చెప్పాను. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు ఉత్తరాదినుండి మన జిల్లాలో దిగాయట, తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలి అని. ఆ "అట" అనే మాట నేను నిజంగా అన్నానో లేదో ఇప్పుడు జ్ఞాపకం లేదు. మంచికే చెబుతున్నాననుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం దుప్పట్లు అమ్ముకునే ఒక ఉత్తరాది మనిషిని మా వీధి చివర వేపచెట్టుకు కట్టేసి కొట్టారు. అతనికి తెలుగులో వచ్చినవి ధరలు మాత్రమే. దెబ్బలు పడుతున్నంతసేపూ అతడు ధర తగ్గిస్తూ పోయాడని తరువాత ఒకామె నాతో చెప్పి ఏడ్చింది. ఉపదేశిగారు పరుగున వచ్చి చెప్పగా నేను వెళ్లేసరికి పెదవి చిట్లి, చొక్కా చిరిగి ఉన్నాడు. కట్లు విప్పించాము. కట్టినవాళ్లలో భద్రమైన అభ్యంగనానికి నేను సిద్ధపరచిన కుర్రవాళ్లు ఇద్దరున్నారు. "ఇతడు పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని మీకెవరు చెప్పారురా?" అని గద్దించాను. ఒకడు తలవంచుకునే జవాబిచ్చాడు. "మీరే కదా ఫాదర్, ఆదివారం గుడిలో చెప్పారు."

ఆ రోజుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే పుకారు తిరిగింది. కొన్నిచోట్ల అమాయకులు ప్రాణాలే పోగొట్టుకున్నారు. మా ఊరిలో ప్రాణం పోలేదంటే అందులో నా గొప్ప ఏమీ లేదు.

ఆ కుర్రవాడి జవాబు నన్ను చాలాకాలం వదలలేదు. వాళ్లు నన్నెందుకు నమ్మారు? నమ్మడమే వాళ్ల తప్పా? గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పరీక్షకోసం వల్లించిన పాఠం ఒకటి అప్పుడు మళ్లీ తీసి చదివాను. మనిషి చూడకుండా, విని నమ్మేవే ఎక్కువని పునీత అగుస్తీనువారు తన ఆత్మకథలో గుర్తిస్తారు. ఎన్నడూ పోని ఊళ్లున్నాయని నమ్ముతాము. వైద్యుని మాట నమ్ముతాము. ఆఖరికి, మన తల్లిదండ్రులు ఫలానావారని కూడా ఎవరో చెబితేనే కదా మనకు తెలిసింది! ఒకరు చెప్పే మాట నిజమన్న నమ్మకం లేకపోతే మనుషులు కలిసి బ్రతకడమే సాధ్యం కాదని పునీత తోమాసు అక్వినాసువారు అన్నారు. కాబట్టి "ఎవరినీ నమ్మకు, అంతా అబద్ధమే" అని ఈమధ్య చాలామంది తెలివిగా అంటున్న మాట నిజానికి తెలివైనది కాదు. ఎవరినీ నమ్మనివాడు చివరకు తనకు నచ్చినదాన్ని నమ్ముతాడు.

నమ్మక తప్పదంటే, మరి ఎవరిని నమ్మాలి? "చెప్పేవాడు ఎటువంటివాడో చూసి నమ్ము" అని మన పెద్దలు అంటారు. మంచి మాటే. కాని నాకు సందేశం పంపిన పెద్దమనిషి మంచివాడు. నేనూ, లోకం దృష్టిలో, నమ్మదగినవాడినే. మా ఇద్దరిలో ఎవరికీ అబద్ధం చెప్పాలన్న తలంపు లేదు. ఇద్దరు మంచివాళ్ల చేతులమీదుగా వచ్చిన మాటే ఆ మనిషిని చెట్టుకు కట్టించింది.

మరి లోపమెక్కడ? నాలుగు రోజుల తరువాత తెలిసింది. పదవీ విరమణ చేసిన హెడ్ కానిస్టేబులు ఒకాయన ప్రతి ఆదివారం మా గుడిలో మూడవ వరుసలో కూర్చుంటాడు. ఆ సందేశం ఉత్త పుకారని స్టేషనులో అంతకుముందు వారమే ఆయన విన్నాడు. "మరి నాకు చెప్పలేదేమండీ?" అన్నాను. "గుడిలో మీరు మాట్లాడుతుంటే మధ్యలో లేచి కాదని ఎలా అంటాను ఫాదర్?" అన్నాడు. నిజం ఆ గుడిలోనే, మూడవ వరుసలోనే ఉంది. దానికి నోరు లేదు, అంతే.

పత్రికా స్వేచ్ఛ అంటే ఏమిటో పుస్తకాలకంటె ఆ హెడ్ కానిస్టేబులు మాటే నాకు బాగా బోధించింది. ఒక వార్తను నమ్మవచ్చునా అన్నది చెప్పినవాడి పెద్దరికాన్నిబట్టి తేలదు. అది తప్పయితే "ఇది తప్పు" అని నలుగురికీ వినిపించేలా, భయం లేకుండా అనగలిగినవాడు అక్కడ ఉన్నాడా, అతణ్ణి అననిస్తారా అన్నదానినిబట్టి తేలుతుంది. కాదనే నోరు మూసేసిన చోట నిజమైన వార్త కూడా నమ్మదగినది కాకుండా పోతుంది. నిజమో కాదో తేల్చుకునే దారే ఉండదు గనుక.

ఇందుకు మన దేశంలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను. 1943లో బెంగాలులో ఘోరమైన కరువు వచ్చింది. యుద్ధకాలం, బియ్యం ధర కూలివానికి అందకుండా పోయింది. పల్లెల జనం కలకత్తా చేరి వీధుల్లో పడి చనిపోతున్నారు. అయినా ప్రభుత్వం దాన్ని 'కరువు' అని ప్రకటించలేదు. ప్రకటిస్తే కరువు నియమావళి ప్రకారం సహాయం చేయవలసి వస్తుంది. పత్రికలమీద ఆంక్షలుండేవి. కలకత్తానుండి వెలువడే 'స్టేట్స్‌మన్' ఆంగ్లేయుల యాజమాన్యంలోని పత్రిక. దాని సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ కూడా ఆంగ్లేయుడే. ఆంక్షలు రాతను గురించి చెప్పాయిగాని ఫొటోలమాట ఎత్తలేదని ఆయన గమనించాడు. 1943 ఆగస్టు 22, ఆదివారంనాడు, వీధుల్లో ఆకలితో పడివున్న స్త్రీల, పిల్లల ఫొటోలు అచ్చువేశాడు. అక్టోబరు నెలలో సంపాదకీయాలలో ప్రభుత్వాన్ని సూటిగా తప్పుపట్టాడు. లండనులో పార్లమెంటుకు చెప్పిన మరణాల లెక్క తప్పని రాశాడు.

ఆ ఫొటోలలోని విషయం కలకత్తావాసులకు కొత్త కాదు. గుమ్మం దిగితే కనబడేదే. కాని ఢిల్లీలో, లండనులో ఉన్నవాళ్లకు అది కాగితాలమీద 'పరిస్థితి అదుపులో ఉంది' అన్న మాటగా మాత్రమే చేరుతున్నది. పత్రిక కాదన్న తరువాత ఆ మాట నిలబడలేదు. కొత్త వైస్రాయి వేవెల్ అక్టోబరులో కలకత్తా వచ్చి చూసి, సహాయానికి సైన్యాన్ని దింపాడు. అప్పటికే చాలా ఆలస్యమైంది. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం మృతులు 15 లక్షలన్నది. తరువాతి పరిశోధకులు 30 లక్షలదాకా చెప్పారు. ఆ ఫొటోలు మార్చిలోనే వచ్చి ఉంటే ఎందరు బ్రతికేవారో మీరే ఊహించండి.

ఆ కరువును తొమ్మిదేళ్ల పిల్లవాడిగా శాంతినికేతనంలో కళ్లారా చూసినవాడు అమర్త్యసేన్. 1998లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఆయన ఎన్నో దేశాల చరిత్రలు పరిశీలించి ఒక మాట చెప్పారు. ఎన్నికలు జరుగుతూ, పత్రికలు కొంతమేరకైనా స్వేచ్ఛగా ఉన్న స్వతంత్ర దేశంలో పెద్ద కరువు వచ్చిన దాఖలా లేదని. ఆయనే చూపిన ఎదురు ఉదాహరణ చైనా. అక్కడ 1958నుండి 1961వరకు కోట్లమంది ఆకలితో చనిపోయారు. కింది అధికారులు మెప్పుకోసం, భయంకోసం, పండని పంటను పండిందని రాసి పంపారు. పైవాళ్లు ఆ అంకెలనే నమ్మి ధాన్యం తరలించుకుపోయారు. కాదనడానికి దేశంలో ఒక్క పత్రిక లేదు. చూడండి, ప్రజల నోరు మూసినవాడు మొదట తన చెవులే మూసుకున్నాడు.

మన ఎమర్జెన్సీ కథ మీలో పెద్దలకు తెలిసిందే. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికాఫీసులున్న వీధికి కరెంటు తీసేశారు. ఆపై వార్తలకు ముందస్తు పరిశీలన పెట్టారు. 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' సంపాదకీయం స్థలాన్ని ఖాళీగా వదిలి అచ్చువేస్తే, ఆ తరువాత అలా ఖాళీ వదలడంకూడా కూడదన్నారు. మౌనం కూడా మాట్లాడుతుందని సెన్సారువారికి బాగా తెలుసు! ఆ కాలంలో రేడియోలో బి.బి.సి. పట్టుకోవడానికి జనం పడిన పాట్లు మా నాన్నగారు కథలుగా చెప్పేవారు.

కాదన్నందుకు ప్రాణమే ఇచ్చినవారూ ఉన్నారు. హైదరాబాదులో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్. రజాకార్ల దౌర్జన్యాన్ని ఎండగట్టాడు, సంస్థానం భారతదేశంలో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో నడివీధిలో అతణ్ణి చంపి, రాసే చేతిని నరికారు. అప్పటికతనికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఇంతవరకు చదివి మీలో ఒకరు తప్పక అడుగుతారు. "ఫాదర్, ఇప్పుడు స్వేచ్ఛ ఉన్న పత్రికలు మాత్రం నిజం రాస్తున్నాయా? ఏ పత్రిక ఏ పార్టీదో టీకొట్టులో గ్లాసులు కడిగే కుర్రాడు కూడా చెబుతాడే!" న్యాయమైన ప్రశ్న. దీన్ని దాటవేయను. 2009 ఎన్నికలలో మన రాష్ట్రంలో డబ్బు పుచ్చుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తలుగా అచ్చువేసిన సంగతి బయటపడింది. అది ప్రకటన అని పాఠకునికి తెలియదు, వార్తే అనుకుంటాడు. ఇది వట్టి అబద్ధంకంటె పెద్ద పాపం. పాఠకుని నమ్మకాన్నే మరొకరికి అమ్ముకోవడం గనుక.

అయితే ఆ మోసాన్ని బయటపెట్టినదెవరు? పశ్చిమ గోదావరి జిల్లాలో పత్రికలు ముందు వేసుకుని లెక్కలు తీసినది ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డిగారు ఒకరు, పరంజయ్ గుహ ఠాకుర్తా మరొకరు. వారు పత్రికల పేర్లతో సహా 71 పుటల నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ ఆ పూర్తి నివేదికను పక్కనపెట్టి, చిన్నది మాత్రం బయటపెట్టింది. సమాచార హక్కు చట్టం కింద అడిగి, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే, 2011లోగాని పెద్దది వెలుగు చూడలేదు. వృత్తిలోని చెడును వృత్తిలోనివారే కాదన్నారు. కాదన్న మాటను కప్పిపెట్టబోతే పౌరుడు చట్టం పట్టుకుని లాగాడు. స్వేచ్ఛ ఉన్నచోట అబద్ధం పుట్టదని నేను అనను. పట్టుబడే అవకాశం ఉంటుంది. అంతకుమించి ఈ లోకంలో ఎవరూ హామీ ఇవ్వలేరు.

మన రాజ్యాంగంలో 'పత్రికా స్వేచ్ఛ' అన్న మాట విడిగా ఎక్కడా లేదన్నది మీలో కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చు. 19(1)(ఎ) అధికరణంలో ప్రతి పౌరునికీ ఇచ్చిన భావప్రకటన స్వాతంత్ర్యంలోనే అది ఇమిడి ఉందని సుప్రీంకోర్టు తీర్పులు చెబుతున్నాయి. అంటే అది సంపాదకులకు ఇచ్చిన వరం కాదు, మీ హక్కు. విలేకరిని జైల్లో పెట్టినప్పుడు పోయేది మీ కన్ను.

ఒక గురువు ఈ మాటలు రాస్తే నవ్వుకునేవారుంటారని తెలుసు. 1832లో 16వ గ్రెగోరి పాపుగారు పత్రికా స్వేచ్ఛను ఖండించారు. నిషిద్ధ గ్రంథాల పట్టిక 1966దాకా ఉంది. 1963లో ద్వితీయ వాటికన్ మహాసభ సమాచారం తెలుసుకోవడం మనుషుల హక్కని ఒప్పుకున్నది. మనమూ ఆలస్యంగానే నేర్చుకున్నాము. మన ఈ వారపత్రికలోకూడా సన్మానాలు, శాలువాలు ఎక్కువ, సమస్యలు తక్కువ అని నా అభిప్రాయం. సంపాదకులు మన్నించి ఈ వాక్యం ఉంచుతారో లేదో చూద్దాము.

ఇక పాఠకుని పని. నేనేమి చేస్తానో చెబుతాను, మీకు నచ్చితే చూడండి. ఒకరికొకరు గిట్టని రెండు పత్రికలు చదువుతాను. రెండూ ఒప్పుకున్న సంగతి చాలావరకు జరిగినదే. వార్తలో ఊరు, తేదీ, చెప్పినవాని పేరు ఉన్నాయా అని చూస్తాను. నిందపడినవాని మాట కూడా వేశారా అని చూస్తాను. సవరణలు వేసే పత్రికమీద నాకు గౌరవం ఎక్కువ. తప్పు ఒప్పుకోనిదానికి తప్పులు లేవని కాదు కదా! ఫోనులో వచ్చే సందేశాలకు ఈ గుర్తులేవీ ఉండవు. కాదని ఉత్తరం రాద్దామంటే చిరునామా ఉండదు. 2018 జూలైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుకు మించి పంపకుండా వాట్సాప్ వారు కట్టడి పెట్టారు. నాకు ఆ అయిదు కూడా ఎక్కువే. ఒక్కసారి, ఒక్క గుడిలో చెప్పినందుకే అంత పని జరిగింది.

ఆ దుప్పట్ల మనిషి ఆ రాత్రి గురుమందిరంలో పడుకున్నాడు. తెల్లవారి నేను రెండు దుప్పట్లు కొన్నాను. మొదట చెప్పిన ధరే ఇచ్చాను. బస్సెక్కేముందు నాకు నమస్కారం పెట్టాడు. అతణ్ణి కట్టించిన మాట ఎవరిదో అతనికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను.

మరుసటి ఆదివారం ప్రకటనల సమయంలో నేను చెప్పినది అబద్ధమని చెప్పి, హెడ్ కానిస్టేబులుగారిని ముందుకు పిలిచాను. రెండు నిమిషాలు, తడబడుతూ, తాను విన్నది చెప్పాడు. అప్పటినుండి ఎక్కడున్నా ప్రకటనలు ముగిశాక, "ఇందులో తప్పులేమైనా ఉన్నాయా?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. చాలా నెలలు ఎవరూ నోరు విప్పలేదు. తరువాత ఒక ఆదివారం వెనుక వరుసలోనుండి ఒక ముసలమ్మ లేచింది. "ఊరేగింపు అయిదింటికి కాదు ఫాదర్, ఆరింటికి. అయిదింటికి మన వీధిలో కరెంటుండదు" అన్నది. గుడిలో అందరూ నవ్వారు. కాగితంమీద దిద్దుకున్నాను.