పురోగమన వేగం: ఆటలోనూ, చరిత్రలోనూ

మానవజాతి ఎంత వేగంగా ముందుకు నడిచింది? ఆ వేగాన్ని నిర్ణయించే శక్తి ఏది? చరిత్రకారులూ తాత్వికులూ చిరకాలంగా చర్చిస్తున్న ప్రశ్నలివి. ఈనాడు చరిత్ర గ్రంథం తెరిచి చూడని యువకులు కూడా వీటికి జవాబు నేర్చుకుంటున్నారు. వారికి ఆ జవాబు నేర్పుతున్నది కంప్యూటర్ ఆట.

సాహిత్య విమర్శకు ఆటలతో ఏమి పని అని కొందరు అడగవచ్చు. బుర్రకథనూ నాటకాన్నీ సినిమానూ మనం విమర్శించింది అవి కాలక్షేపాలని కాదు. ప్రజల ఊహలను అవి మలుస్తాయని. కథ చెప్పే ప్రతి రూపం వెనుకా ఒక జీవిత దృక్పథం వుంటుంది. రాజ్యాలు కట్టించి, యుద్ధాలు చేయించి, యుగాలు దాటించే ఈ ఆటల వెనుకా అది వున్నది.

1991లో సిడ్ మైయర్ రూపొందించిన 'సివిలైజేషన్' ఈ తరహా ఆటలకు పెద్ద దిక్కు. క్రీస్తు పూర్వం 4000లో ఆట మొదలవుతుంది. కుండలు చేయడం, రాయడం, ఇనుము కరిగించడం - ఒక విద్య చేతికి వస్తే మరొక విద్యకు దారి తెరుచుకుంటుంది. మొదట్లో ఆటగాని ఒక్కొక్క వంతులో దశాబ్దాలు గడిచిపోతాయి. ఆధునిక యుగానికి వచ్చేసరికి వంతుకు ఒక్క సంవత్సరమే. ఆడేవారి ఫిర్యాదు ఒకటి చాలా కాలంగా వున్నది. కత్తివీరులను తయారుచేసి శత్రువు కోట మీదికి పంపితే, వారు అక్కడికి చేరేలోగా శత్రువు చేతికి తుపాకి వచ్చేస్తుంది. విద్యలు మరీ వేగంగా వచ్చిపడుతున్నాయనీ, ఒక యుగాన్ని అనుభవించేలోగా అది కరిగిపోతున్నదనీ వారి బాధ. నిదానంగా నడిచే 'మారథాన్' పద్ధతిని కూడా ఈ ఆట తరువాతి భాగాల్లో పెట్టారు.

ఈ ఫిర్యాదు న్యాయమైనదే. కాని లోపం అంకెలో వున్నదా? వేగాన్ని సగానికి తగ్గిస్తే ఆట చరిత్రకు దగ్గరవుతుందా? కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి మా ప్రాంతపు ఉదాహరణ ఒకటి చాలు.

'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండవ భాగం 1999లో వచ్చింది. దానికి 2022లో చేర్చిన భారత రాజవంశాల అనుబంధంలో 'ద్రావిడులు' అనే జాతి వున్నది. ఆ జాతికి ప్రత్యేకించిన విద్యలలో ఒకటి 'వుట్జ్ స్టీల్'. ఇచ్చోడలో నా దగ్గర చదివే గోండు కుర్రవాడొకడు ఆ సంగతి చెప్పాడు. "సార్, ఈ ఆటల మన దిక్కు ఉక్కు సుత ఉన్నది. ఒక్కపారి ఒత్తితే అయిపాయె." మళ్లీ పోదా అని అడిగాను. "పోదు సార్. ఒక్కపారి అచ్చిందంటే ఆట అయిపోయేదాక ఉంటది" అన్నాడు.

మరి చరిత్రలో ఏమైంది? ఇచ్చోడ నుంచి జాతీయ రహదారిపై దక్షిణంగా వెళితే నిర్మల్ వస్తుంది. గోదావరి దాటితే నిజామాబాద్ జిల్లా. అక్కడ కోనసముద్రం అనే గ్రామం వున్నది. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుమును కలిపి, మట్టి మూసల్లో పెట్టి, బొగ్గు మంటలో కాచి అక్కడి పనివారు ఉక్కు తీసేవారు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఆ ఊరికి వచ్చేవారు. 1820ల నాటికి ఆ పని ఇంకా సాగుతూనే వున్నది. సర్వే శాఖలో పనిచేసిన హెన్రీ వాయ్‌సీ దానిని చూచి రాసిన వర్ణన, ఆయన మరణానంతరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అంతకు ముందే, 1819లో, లండన్‌లో మైకేల్ ఫారడే ఈ భారతీయ ఉక్కును విశ్లేషించి వ్యాసం ప్రకటించాడు.

ఆ తరువాత కొలిమి చల్లారింది. ఇంగ్లండు ఉక్కు చౌకగా వచ్చిపడింది. 1856 నాటి బెస్సెమర్ పద్ధతితో అది మరింత చౌక అయింది. కత్తులకు గిరాకీ పోయింది. బొగ్గుకు ఆధారమైన అడవి దూరమయింది. చెయ్యి చెయ్యికి నేర్పిన విద్య గనుక, చెయ్యి ఆగగానే విద్య కూడా ఆగింది. 2010లో బెంగళూరు, ఎక్సిటర్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ గ్రామాల్లో సర్వే జరిపి, ఊళ్ల అంచున మిగిలిన చిట్టెపు రాళ్లనూ మూసపెంకులనూ పోగుచేయవలసి వచ్చింది. ఆటలో ఎన్నటికీ పోని విద్య, అది పుట్టిన నేలపై పెంకులలో వెతుక్కోవలసిన వస్తువయింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా మా జిల్లాలోనే వున్నది. మైనపు అచ్చుతో ఇత్తడి పోతపోసే ఓజాల పని ఈనాటికీ నిలిచి వున్నది. గోండుల దేవతలకూ పూజలకూ ఆ పోతపని వస్తువులు కావాలి. కావలసినవారు వున్నారు గనుకనే విద్య వున్నది. దీనివల్ల తేలేది ఒక్కటే: విద్య చెట్టుకు కాసిన పండు కాదు. అది మనుషుల మధ్య వుండే సంబంధం. చేసేవాడు, కొనేవాడు, ముడిసరుకు, దానిపై హక్కు - వీటిలో ఏది తెగినా విద్య తెగుతుంది.

ఆటలో ఈ సంబంధం లేదు. అక్కడ రాజూ కమ్మరీ రైతూ ఒక్కడే - ఆడేవాడు. అడవి అంటే నిల్వలో చూపే కలప అంకె. ఆ అడవిలో ఎవరూ నివసించరు. మా అడవిలో మనుషులు నివసించారు. నిజాం ప్రభుత్వం అడవులను రిజర్వు చేస్తే ఆ భూమిపై హక్కు కోసమే కొమరం భీం 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణమిచ్చాడు. 'సివిలైజేషన్'లో మెట్లెక్కని జనానికి 'బార్బేరియన్లు' అని పేరు. వారిని ఊడ్చివేయడం ఆటలో నిత్యకృత్యం. చాందాలో కోట కట్టి రాజ్యమేలిన జాతికి చెందిన నా విద్యార్థి ఈ ఆటలో ఏ మెట్టు మీద నిలబడాలి?

2013లో వచ్చిన 'యూరోపా యూనివర్సాలిస్' నాలుగవ భాగం ఈ భావాన్ని దాపరికం లేకుండా లెక్కగట్టింది. పడమటి దేశాలకు కొత్త విద్య ఒక ధరకు వస్తే, భారతదేశపు రాజ్యాలకు అంతకన్న ఎక్కువ ధర. 2016లో ఆ పద్ధతి మార్చి, ఒక్కొక్క కొత్త వ్యవస్థ ఒకచోట పుట్టి తక్కిన చోట్లకు వ్యాపించేటట్టు చేశారు. నియమాలు ప్రకృతి ధర్మాలు కావనీ, మనుషులు రాసినవనీ, విమర్శిస్తే మారుతాయనీ ఇది రుజువు చేస్తున్నది.

ఇక్కడ అభ్యుదయవాదులం మన ఇంటిని కూడా చూసుకోవలసి వున్నది. చరిత్రను మెట్లుగా చెప్పే అలవాటు మనకూ వున్నది కదా! ఆదిమ సమాజం, బానిస వ్యవస్థ, భూస్వామ్యం, పెట్టుబడిదారీ వ్యవస్థ అని వల్లెవేస్తే అదీ ఆటలోని యుగాల పట్టికవంటిదే అవుతుంది. డి. డి. కోశాంబి 1956 నాటి తన భారత చరిత్ర గ్రంథంలో ఈ దేశంలో పాత దశలు కొత్త దశల పక్కనే బ్రతుకుతూ వుంటాయని చూపాడు. ఇచ్చోడ సంతలో అరగంట నిలబడితే అది కంటికి కనబడుతుంది: ఎడ్లబండి, బీటీ పత్తి విత్తనం, సెల్‌ఫోనులో చెల్లింపు - మూడూ ఒకే మనిషి చేతిలో. అతడు ఏ యుగంవాడు? ఈనాటివాడే. వెనకబడినవాడని అతనికి పేరుపెట్టడం, అతని నుంచి ఏదో లాక్కోవడానికి వేసే తొలి అడుగు.

ఆట ఆటే, సులభం చేయక తప్పదు అనే వాదాన్ని కాదనను. చదరంగంలో ఏనుగు నడక చూసి జంతుశాస్త్రం నేర్చుకోము. కాని చదరంగం తాను చరిత్రనని చెప్పుకోలేదు. అలాగే పాత కొలిమిని బంగారు యుగంగా కీర్తించడమూ నా ఉద్దేశం కాదు. కోనసముద్రపు ఉక్కు చివరకు ప్రభువుల కత్తి అయింది. మూస పట్టిన చేతికి దక్కిన కీర్తి ఏమీ లేదు. యంత్రపు ఉక్కు నాగలికర్రుగా, వంతెనగా, రైలుపట్టాగా కోట్ల మందికి చేరింది. ఆ మేలును కాదనేవాడు అభ్యుదయవాది కాడు.

నేను కాదంటున్నది వేగాన్నే విలువగా చేయడాన్ని. వేగం ఎంత అనే ప్రశ్నకు ముందు మరి రెండు ప్రశ్నలున్నాయి: ఆ విద్య ఎవరి చేతిలో వున్నది? అది వచ్చినప్పుడు ఎవరి చెయ్యి ఖాళీ అయింది? ఈ రెండూ అడగని ఆట మారథాన్‌లా నిదానంగా నడిచినా అబద్ధమే చెబుతుంది. అవి అడగని అభివృద్ధి ప్రణాళిక కూడా అంతే. మన పిల్లలను ఆడవద్దనడం వ్యర్థం. ఆ ఉక్కు గుర్తుపై వేలు పెట్టే కుర్రవానికి కోనసముద్రం ఎక్కడుందో చెప్పడం మన పని. ఆట అతనికి రాజు కన్నులతో చూడడం నేర్పింది. కమ్మరి కన్నులతో చూడడం మనం నేర్పాలి.